ఆయుధపూజ నాడు పీకిన వైరు

మా మామ కురుమూర్తికి ఆయుధపూజ అంటే మాటలు కాదు. ఆ రోజు మగ్గం మీద చెయ్యి పడకూడదు, పనిముట్టు ఏదైనా సరే పడుకోవాల్సిందే. మొన్న దసరాకు నేను పూలు కడుతుంటే, ఆయన నా కంప్యూటర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టి, "నువ్వు గూడ జర పండుకో తల్లీ" అని వైరు పీకేశాడు. అప్పుడది నా చీరల డిజైన్లన్నిటినీ కొత్త ఫోల్డరులోకి మారుస్తోంది.

మర్నాడు డిస్కు తెరుచుకోలేదు.

ఆ డిజైన్ల వల్లే మేం కూలికి నేయించుకునే షావుకారు గడప దిగి సొంతంగా నేస్తున్నాం. అవి పోతే మళ్లీ ఆయన చెప్పిన అంచు, ఆయన చెప్పిన రంగు.

"నేను బోయి షావుకారును పని అడుగుత బిడ్డా. తప్పు నాదే గద," అన్నాడు మామ.

"ఎవ్వరూ ఏడికీ పోవద్దు," అన్నాను. ఒళ్లు మండిపోతోంది, కానీ ఆయన మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

కంప్యూటర్ షాపు బాలకృష్ణ డిస్కు చూసి పెదవి విరిచాడు. "ఫార్మాట్ జేసుడే అక్కా."

"నీ ఫార్మాట్ నీ దగ్గర్నే పెట్టుకో," అని డిస్కు సంచిలో వేసుకొచ్చేశాను.

డిస్కు ఏదైనా మార్చే ముందు, ఏం మార్చబోతుందో ఒక మూల గుర్తు రాసుకుంటుంది. అదే జర్నల్. కరెంటు పోయినా అది చూసుకుని సర్దుకుంటుంది. నా ఖర్మకు ఆ జర్నలే చెడింది. దాన్ని నమ్మితే మంచిగా ఉన్నవీ పాడవుతాయి. అందుకే ముందు డిస్కు మొత్తానికి నకలు తీశాను. ఆ నకలులో జర్నల్‌ను పీకి పారేసి, తప్పులు సరిచేసే కమాండు నడిపాను. పోతే నకలే పోతుంది, నేను తగ్గేది లేదు.

ఫైళ్లు దొరికాయి. పేర్లు మాత్రం పోయి ఉత్త అంకెలు మిగిలాయి. ఏ అంచుకు ఏ కొంగో నాకే తెలియలేదు. మామను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"గిది కోటకొమ్మ అంచు. దీని కొంగు ఇందాకనే దాటిపోయింది, ఎనకకు జరుపు. ఆ, గదే."

ఆయన చెబుతుంటే నేను పేర్లు పెడుతున్నాను. అంతలో షావుకారు మనిషి మద్దిలేటి గడప దగ్గరికొచ్చాడు.

"డిజైన్లన్ని బోయినయంట గద. షావుకారు రమ్మంటుండు."

మామ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"పండుగ అయిపోయింది మద్దిలేటీ. పని మీద ఉన్నమని చెప్పు," అని నా వైపు జరిగాడు. "ఇంకోటి తియ్యి బిడ్డా."