చక్కోత తొక్క టోపీ

మునినారాయణప్పకు లోకంలో రెండే గర్వాలు: దేవనహళ్ళి తోటలో తాను పెంచిన చక్కోత చెట్లు, బొమ్మనహళ్ళిలో ఉన్న మనవరాలు చైతు. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోవడమే ఆయన బాధ.

తొంభై ఎనిమిదిలో ఆ పిల్లకు ఆరేళ్ళు. ప్రతి ఆదివారం తాత బస్సు దిగి వచ్చి, తలకాయంత చక్కోతను, అదే పంపరపనసను, సంచిలోంచి తీయగానే తలుపు చాటుకు పోయేది. పులుపుకు జంకుతోందని ఆయన తొనలకు బెల్లం అద్దాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కదా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొసరి కొసరి తినిపించేవాడు. కాసేపటికి పిల్ల వాంతి చేసుకుని, చెమటలు పట్టి, వాడిన తోటకూర కాడలా వేలాడేది.

"మొండిది. తినకూడదనే కక్కుతుండాది," అనేవాడు.

బడిలో పిల్లల దంతాలు చూడటానికి వచ్చిన డాక్టర్ సమీనా చైతు దగ్గర ఆగిపోయింది. తరగతి మొత్తంలో ఒక్క పుచ్చు కూడా లేనిది ఈ పిల్లకే. తీపి ముట్టదని తెలిసి, తల్లి వరూధినిని పిలిపించి, తింటే వాంతులవుతాయని విని, అనుమానంతో పెద్దాసుపత్రికి పంపింది.

పరీక్షలయ్యాక అక్కడి డాక్టరు వరూధినికీ ఆమె మామగారు మునినారాయణప్పకూ విడమరచి చెప్పాడు. పండ్లలో, బెల్లంలో ఉండే ఒక రకం చక్కెరను కాలేయం మెట్టు మెట్టుగా విరగ్గొడుతుందట. ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైము. చైతుకు పుట్టుకతోనే అందులో ఒకటి పనిచేయదు. సగం విరిగిన చక్కెర అక్కడే పేరుకుని, ఒంటికి గ్లూకోజు అందే దారిని కూడా అడ్డుకుంటుంది. ఆ తీపి మానేస్తే పిల్ల బాగానే పెరుగుతుంది.

మడవ తిప్పి కాలువ నీళ్ళను పాదు నుంచి పాదుకు మళ్ళించే మనిషి రాని రోజు, అవి ఒకే పాదులో నిలిచిపోయి, దిగువ చెట్లు ఎండటం మునినారాయణప్ప ఎరిగినదే.

"బెల్లం అద్ది మరీ పెట్టింది నేనే కదమ్మా," అన్నాడు కోడలితో.

"ఎవురికి తెలుసు మామా. నేను కొట్టి తినిపించినాను," అంది వరూధిని.

మూడు ఆదివారాలు ఆయన రాలేదు. నాలుగో ఆదివారం వచ్చాడు. సంచి చూడగానే చైతు తలుపు చాటుకు పోయింది. ఆయన ప్రాణం చివుక్కుమంది. గుమ్మంలోనే చతికిలబడి, సంచిలోంచి చక్కోత తొక్క తీశాడు. తొనలన్నీ ఇంటి దగ్గరే తీసేసి, దళసరి తొక్కను టోపీలా కోసి, కడిగి ఆరబెట్టి తెచ్చాడు. దాన్ని తన బట్టతల మీద పెట్టుకున్నాడు.

తలుపు చాటునుంచి ఒక కన్ను కనిపించింది.

"తాతా, అది తినాల్నా?"

"వద్దు తల్లీ. ఇంక నేను నీకేమీ పెట్టను."

చైతు మెల్లగా వచ్చి, సంచిని తలకిందులు చేసి దులిపింది. ఏమీ రాలలేదు. అప్పుడు టోపీ లాక్కుని తలకు పెట్టుకుని, తనంతట తానే మొదటిసారి తాత ఒళ్ళో కూర్చుంది.