దారి మీద ఉప్పు

మా అబ్బాయి భార్గవ్ చూసుకునే లాడ్జి కొండ మీద ఉంది. కింద తారురోడ్డు నుంచి పైదాకా వెళ్లే దారి ఆ లాడ్జిదే, గవర్నమెంటుది కాదు. కాబట్టి దాని మీద మంచు పడితే తీసుకోవలసింది వాళ్లే, జారితే పడవలసిందీ వాళ్లే. దాన్ని డ్రైవ్‌వే అంటారని వాడు ఫోన్లో చెప్పినప్పుడు, గేటు నుంచి మెట్ల దాకా పరిచిన నాలుగు బండలనుకున్నాను. తీరా చూస్తే అన్నవరం కొండ దారిలా ఉంది. మధ్యలో పైన్ చెట్ల కింద ఒక మలుపు. అక్కడ మధ్యాహ్నం దాటితే ఎండ పడదు. మలుపు పక్కన తీగల కంచె, కంచె అవతల లోయ.

నేనూ మా ఆవిడ పార్వతీ రెండు వేల పదహారు జూలైలో తణుకు నుంచి అక్కడికి వెళ్లాం. ఇక్కడ వానలు మొదలయ్యే రోజులు, అక్కడ నడి చలికాలం. వాడు చదువుకని వెళ్లి, చదువయ్యాక ఆక్లండ్ శివారు మనురేవాలో ఒక షాపులో రాత్రి డ్యూటీలు చేసి, పాపకూరలో నలుగురితో ఒక ఫ్లాట్‌లో ఉండి, చివరికి దక్షిణాన ఈ ఫెయిర్లీ ఊరి దగ్గర మేనేజరు పని సంపాదించాడు. ఆక్లండ్ బయట ఉద్యోగమైతే ఆ దేశంలో ఉండనిచ్చే అవకాశం ఎక్కువట. మా కోడలు ఇంద్రజ ఇంకా ఆక్లండ్‌లోనే, బోటనీ డౌన్స్‌లో పని చేస్తోంది. ఇక్కడ ఖాయమైతే వచ్చేస్తుంది. ఖాయం చేయవలసినవాడు లాడ్జి యజమాని గ్రాంట్. అంతకుముందున్న మేనేజరు చలికాలంలో దారి సరిగా చూసుకోక, వచ్చిన గెస్టులు కిందనుంచే వెనక్కి పోయారట. అందుకని గ్రాంట్ మావాడితో, "ముందు ఒక చలికాలం గడిపి చూపించు, తరవాత మాట్లాడదాం," అన్నాడు.

శనివారం నుంచి స్కూళ్లకు సెలవులు, గదులన్నీ బుక్ అయ్యాయి. గురువారం గ్రాంట్ స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. బుధవారం రాత్రి మంచు పడింది.

తెల్లవారగానే పక్క ఫార్మ్ ఆయన నీల్ వచ్చాడు. పశువులకు పెట్టే రాళ్ల ఉప్పు ఒక బస్తా తెచ్చాడు. పార్వతి తలుపు తీస్తే, ఆ మహానుభావుడు బస్తాని ఆవిడ చేతుల్లో పెట్టబోయాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, లోపలున్న భార్గవ్‌కి కేకేసింది.

"కింద పెట్టమనరా! చేతికి ఇస్తాడేంటి ఉప్పు!"

నీల్ తనని చూసి భయపడిందనుకున్నాడు పాపం. టోపీ తీసి నవ్వి, బస్తా గడప పక్కన దించి వెళ్లిపోయాడు. భార్గవ్ దాని మూతి కోసి, పార తీసుకుని బయలుదేరాడు.

"ఇంత ఉప్పు ఏం చేస్తావురా?"

"దారి మీద చల్లుతానమ్మా. మంచు కరుగుతుంది, మళ్లీ గడ్డకట్టదు."

"దారి మీదా? తొక్కడానికా?"

"తొక్కడానికి కాదు, బండి ఎక్కడానికి."

"బండి తొక్కితే తొక్కినట్టు కాదా? ఒరే, లక్ష్మీదేవిరా అది. కింద ఒలకబోస్తే యమలోకంలో కనురెప్పలతో ఎత్తిస్తారు."

"అప్పటికి చూసుకుందాంలే. ముందు గ్రాంట్ ఇక్కణ్ణుంచి నా పెట్టె ఎత్తించకుండా ఉంటే చాలు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

పార్వతి మాట తీసేయడం నాకూ అంత తేలిక కాదు. మాది కిరాణా కొట్టు. మా నాన్నగారి రోజుల నుంచి ఉప్పు బస్తా ఒక్కటే రాత్రుళ్లు కూడా కొట్టు బయట ఉండేది. దాన్ని ఎవరూ దొంగిలించరు, కాలు తగలనివ్వరు. దీపం పెట్టాక ఎవరైనా ఉప్పు అడిగితే, రేపు రమ్మనేవాణ్ణి. ఎందుకని ఏనాడూ ఆలోచించలేదు. అయినా ఆ పొద్దున ఆవిడతో, "ఇక్కడ అది ఉప్పు కాదే, మందనుకో," అన్నాను. "మందైతే మాత్రం తొక్కుతామా?" అంది.

భార్గవ్ పైనుంచి కిందదాకా చల్లాడు. మలుపు దగ్గర మరీ దట్టంగా చల్లాడు. గ్రాంట్‌ని తీసుకురావడానికి ఊళ్లోకి మేం బయలుదేరేసరికి అక్కడ మంచు మెత్తబడి, నీళ్లోడుతూ కింద తారు నల్లగా కనిపిస్తోంది. వాడి బండి పెద్దది. ముందు ఐదుగురు కూర్చోవచ్చు, వెనక సామాన్లకి తొట్టి. యూట్ అంటారు. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పుతుందట. కూరగాయలు కొందామని నేనూ ఎక్కాను.

గ్రాంట్ క్రైస్ట్‌చర్చ్ నుంచి మామూలు కారులో వచ్చి, దాన్ని ఊళ్లోనే వదిలి మా బండిలో ముందు కూర్చున్నాడు. మాట కలుపుగోలు మనిషి. దారంతా నన్ను ఇండియాలో క్రికెట్ గురించి అడిగాడు. కొండ కిందకి వచ్చేసరికి సూర్యుడు పైన్ చెట్ల వెనక్కి పోయాడు.

"సాల్ట్ వేశావా?" అన్నాడు గ్రాంట్.

"పొద్దున్నే. మలుపు దగ్గర డబుల్ వేశాను," అన్నాడు భార్గవ్.

బండి ఆపి, పక్కనున్న చిన్న మీట మార్చి, రెండో గేరులో పెట్టాడు. నావైపు తిరిగి తెలుగులో, "మధ్యలో ఆగకూడదు నాన్నా. బ్రేక్ తొక్కకూడదు. ఒకటే స్పీడులో, మెల్లగా," అన్నాడు. నాకు చెప్పినట్టుందిగానీ తనకే చెప్పుకున్నాడు.

మొదటి సగం బండి ఏనుగులా ఎక్కింది. టైర్ల కింద ఉప్పురాళ్లు కరకరమన్నాయి. గ్రాంట్ కిటికీలోంచి చూస్తూ, "బాగుంది, మేట్," అన్నాడు.

మలుపు తిరిగాం. అక్కడ కరకర లేదు. చప్పుడే లేదు. ఇంజను గొంతు ఒక్కసారి పైకి లేచింది, బండి మాత్రం కదలడం లేదు. నాలుగు చక్రాలూ అద్దం మీద తిరుగుతున్నట్టు తిరిగాయి. తరవాత మెల్లగా, ఎవరో తోక పట్టుకుని లాగినట్టు, బండి వెనక్కి జారింది. ముఖం కొండవైపే ఉంది, ఒళ్లు లోయవైపు పోతోంది.

"బ్రేక్ వద్దు, వద్దు!" అని గ్రాంట్ అరిచాడు. భార్గవ్ స్టీరింగు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. దేనికీ బండి జవాబివ్వలేదు. నా నోట్లో గోవింద నామం తప్ప ఇంకేమీ రాలేదు. వెనక ఏదో ఫెళ్లుమంది. కంచె స్తంభం. ఆగాం.

గ్రాంట్ ముందు దిగాడు. అడుగు పెట్టగానే కాలు జారి తలుపు పట్టుకున్నాడు. వంగి, చేతి తొడుగు తీసి, నేలని వేలితో రాశాడు. పొద్దున కరిగిన నీళ్లన్నీ గాజులా బిగుసుకున్నాయి. వేలు నాలిక మీద పెట్టుకుని చూశాడు.

"ఇక్కడ సాల్ట్ లేదు, భార్గవ్."

"వేశాను, గ్రాంట్."

"కింద ఉంది. ఇక్కడ లేదు. ముఖ్యమైన చోటే లేదు." అతను గొంతు పెంచలేదు. "నీకు ముందున్నవాడు కూడా నాతో ఇలాగే చెప్పేవాడు. వేశాను, వేశాను అని. శనివారం ఈ బండిలో పిల్లలుంటారు."

"నిజంగా వేశాను. మా నాన్న చూశారు."

గ్రాంట్ నావైపు చూడనైనా లేదు. కొడుకు కోసం తండ్రి చెప్పే సాక్ష్యం ఏ దేశంలోనైనా ఎంత చెల్లుతుంది? వాడు నా కళ్లముందే చల్లాడు. మరి ఏమైంది? అప్పటికే నాకు లోపల అనుమానం మొదలైంది. తల ఎత్తితే పార్వతి పైనుంచి వస్తోంది. గడ్డి మీదుగా, చీర మీద నా కోటు వేసుకుని, ఒక చేత్తో కంచె పట్టుకుని. రెండో చేతిలో బకెట్టు. బకెట్టు మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది.

"దెబ్బలేం తగల్లేదు కదా? ఏవండీ, మీకు?" అంది ముందు. తరవాత భార్గవ్‌తో, మెచ్చుకుంటాడన్నట్టు, "నువ్వు తొక్కుతావేమోనని ప్రాణం కొట్టుకుపోయింది నాన్నా. ఈ మలుపులో గుట్టలు గుట్టలుగా పోశావు. కొత్త చేట్లోకి ఊడ్చి ఎత్తేశాను. ఒక్క రాయి కూడా వదల్లేదు. ఇదిగో," అని తువ్వాలు తీసి చూపించింది. బకెట్టు నిండా మంచూ ఉప్పూ కలిసిన ముద్ద.

"ఏమంటోంది?" అన్నాడు గ్రాంట్.

భార్గవ్ బకెట్టులోకి చూశాడు. తల్లి ముఖంలోకి చూశాడు. తరవాత గ్రాంట్ వైపు తిరిగి, తలకి దగ్గరగా వేలు పెట్టి, ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. ఆ ముక్కలు అర్థం కావడానికి నా ఎస్సెల్సీ చదువు చాలు. అమ్మకి మతి సరిగా ఉండదు. మరిచిపోతూంటుంది. ఏదో ఒకటి ఏరి దాచుకుంటుంది. నేను చూసుకోవలసింది, సారీ.

గ్రాంట్ ముఖం ఒక్కసారి మారిపోయింది. కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"అయ్యో, మేట్. ముందే చెప్పొద్దూ? మా అమ్మా అంతే. ఆఖర్లో పంచదార డబ్బాలో బొత్తాలు దాచేది." పార్వతి దగ్గరికి వెళ్లి, ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి, చంటిపిల్లతో చెప్పినట్టు ఒక్కొక్క మాటే గట్టిగా పలికాడు. "మీరు. చాలా. సాయం. చేశారు. థాంక్యూ."

"థాంక్యూ సార్," అంది పార్వతి. నావైపు తిరిగి, "ఎంత మంచివాడండీ," అంది.

భార్గవ్ ఆవిడ చేతిలోంచి బకెట్టు తీసుకుని మలుపంతా కుమ్మరించాడు. ఆవిడ నోరు తెరిచింది కానీ, గ్రాంట్ ఇంకా భుజం పట్టుకునే ఉన్నాడు. మంచు పగిలేదాకా ఆగి, బండి మళ్లీ స్టార్ట్ చేశారు. ఈసారి కరకరలాడుతూ ఎక్కేసింది.

గ్రాంట్ గదులు చూస్తుండగా నేను వంటింట్లో భార్గవ్‌ని పట్టుకున్నాను.

"కన్నతల్లిని పిచ్చిదని చెప్తావురా?"

"పిచ్చిదనలేదు. మతిమరుపన్నాను."

"తేడా ఉందా?"

"మరేం చెప్పమంటారు? లక్ష్మీదేవి, యమలోకం, కనురెప్పలు, ఇవన్నీ చెప్పనా? ఆ మలుపులో నిలబడి? మీరు చెప్పగలరా నాన్నా, ఇంగ్లీషు వదిలేయండి, తెలుగులోనే చెప్పండి. ఉప్పు ఎందుకు తొక్కకూడదు?"

నేను చెప్పలేకపోయాను. తొక్కకూడదని నియమం పెట్టినవాడు మంచు చూసి ఉండడు. చూసి ఉంటే ఏమనేవాడో. కానీ పెద్దల మాట నమ్మి, చలిలో వంగి, కొడుక్కి పాపం అంటకూడదని ఊడ్చిన మనిషి మతిలేనిది ఎలా అవుతుంది?

"అబద్ధం చెప్పకపోతే గ్రాంట్ నన్నే అబద్ధాలకోరు అనుకునేవాడు. నేనేం చెయ్యను?" అన్నాడు.

ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, పార్వతి నా పక్కన కూర్చుంది.

"నాకు మతి లేదని చెప్పాడు కదూ?"

నేను ఉలిక్కిపడ్డాను. "ఎవరన్నారు?"

"ఎవరైనా అనాలా? మన వీధిలో కామేశ్వరమ్మగారికి మతి పోయాక ఊరంతా ఆవిడతో ఇలాగే మాట్లాడేవారు. భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా." కొంగు సర్దుకుంది. "ఉద్యోగం నిలిచిందా?"

"నిలిచినట్టే ఉంది."

"ఇంద్రజ వచ్చేస్తుందన్నమాట," అంది. వాణ్ణి మాత్రం ఏమీ అడగలేదు. రాత్రి వాడికి ఇష్టమని వంకాయ కూర చేసి, కొసరి కొసరి వడ్డించింది. వాడు తల ఎత్తకుండా తిన్నాడు.

శనివారం గెస్టులు రాకముందే గ్రాంట్ మళ్లీ వచ్చాడు. దారి శుభ్రంగా ఉంది. భార్గవ్ ముంగిట్లో టైర్లకి గొలుసులు బిగిస్తున్నాడు. పార్వతి వాడికి కాఫీ తెచ్చి పక్కన నిలబడింది. గ్రాంట్‌ని దూరం నుంచే చూసి నాతో, "అదిగో, గ్రాంట్ వచ్చాడు. ఆయన టీలో పంచదార వేసుకోడు కదూ?" అంది.

అతను నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చాడు. వంగి, ముఖంలో ముఖం పెట్టి, చాలా ప్రేమగా, గట్టిగా అడిగాడు.

"పార్వతీ! నేను. ఎవరో. గుర్తుందా?"

భార్గవ్ చేతిలో గొలుసు ఆగిపోయింది. పార్వతి వాడివైపు చూసింది. వాడు తల దించుకున్నాడు.

ఆవిడ గ్రాంట్ వైపు తిరిగి, అడ్డంగా తల ఊపింది.

"పరవాలేదు, డియర్, పరవాలేదు," అని గ్రాంట్ ఆవిడ చెయ్యి నిమిరాడు. తన పేరు మళ్లీ చెప్పాడు. పార్వతి అప్పుడే మొదటిసారి విన్నదానిలా, పెదవులు కదుపుతూ, ఆ పేరు నేర్చుకుంది.