అంటించిన మెతుకులు

పసిదాని గడ్డం మీద ఎన్ని మెతుకులు ఉంటే నమ్మశక్యంగా ఉంటుందో గడియారాల తాతకు పది రోజుల్లోనే తెలిసిపోయింది. మూడు చాలవు, మూతి తుడిచేసినట్టు కనిపిస్తుంది. పది ఎక్కువ, ఎవరో పనిగట్టుకొని పూసినట్టు ఉంటుంది. ఆరో ఏడో ఉండాలి, అందులో ఒకటి చెవి దగ్గర. మెడకు కట్టిన గుడ్డ మీద కాస్త ఉడికిన క్యారెట్ ముద్ద, కుర్చీ కింద మరికాస్త. గడియారపు ఇరుసుకు సూదిమొనతో నూనె చుక్క పెట్టే చెయ్యి అది. ఎక్కడ ఎంత పెట్టాలో దానికి ఒకరు చెప్పనక్కరలేదు.

పిల్లకు పద్దెనిమిది నెలలు. ఇంట్లో అందరికీ పిచ్చుక. తండ్రి ఓడ మీద పనిచేస్తాడు, ఆరు నెలలకు ఒకసారి ఇంటి మొహం చూస్తాడు. తల్లి సిటీ బస్సు నడుపుతుంది. ఆమెకు పగటి డ్యూటీ పడినప్పటి నుంచి పిచ్చుక సాయంత్రం దాకా తాత దగ్గరే. ముందు గడియారాలు బాగుచేసే కొట్టు, వెనక గది, మధ్యలో ఒక తెర. ఆయన ఒంటరివాడు, భార్య పోయి చాలా ఏళ్ళయింది.

"నాన్నా, రెండు నెలలే," అంది కూతురు మొదటి రోజు, బల్ల మీద చిన్న గిన్నె, పొట్టి చెంచా పెడుతూ. "తర్వాత డిపోలో పిల్లల గదికి పంపిస్తాను. అక్కడ పన్నెండు మందికి ఒకే ఆయా. ఎవరి గిన్నె వాళ్ళ ముందు పెట్టేస్తుంది, ఎవరిది వాళ్ళే తినాలి. అందుకే ఇక్కడే అలవాటు చెయ్యి. నువ్వు మాత్రం నోట్లో పెట్టకు."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యకూడదు. పక్కన కూర్చోవాలి. ఒలకబోస్తుంది, నెత్తిన పోసుకుంటుంది, చెంచా తిరగేసి పట్టుకుంటుంది. పోసుకోనీ. నీ ఓపిక, దాని ఆకలి, రెండూ కలిస్తే పని అదే అవుతుంది."

"అలాగేనమ్మా," అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన అబద్ధం ఆడలేదు.

ఆ రోజు పిచ్చుక చెంచాను పిడికిట పట్టుకొని గిన్నెలో పొడిచింది. నాలుగు మెతుకులు ఎక్కాయి, మూడు దారిలో రాలాయి. మిగిలిన ఒకటి నోటికి బదులు బుగ్గకు చేరింది. పిల్ల ఆగి, ఆలోచించి, మళ్ళీ పొడిచింది. అరగంట గడిచింది. తెర అవతల బల్ల మీద ఒక గడియారం మూత తీసి ఉంది; ధూళి రేణువు పడినా ఆగిపోయే వస్తువు. ఈ లోపల పిల్ల చెయ్యి విదిలించింది. ఒక మెతుకు తెర దాటి ఎగిరింది.

"ఒక్క నిమిషం, ఇలా ఇవ్వు," అని ఆయన చెంచా తీసుకున్నాడు.

పిల్ల వదల్లేదు. రెండు చేతులతో గుంజింది, ఎర్రబడి ఏడ్చింది. ఆయన నవ్వి, మెల్లగా వేళ్ళు విప్పి తీసుకున్నాడు. ఏడు నిమిషాల్లో గిన్నె ఖాళీ. నేల అద్దంలా ఉంది.

సాయంత్రం కూతురు వచ్చే వేళకు ఆ శుభ్రమే ఆయనను భయపెట్టింది. అడిగితే ఏం చెబుతాడు? గిన్నెకు అంటుకున్న మెతుకులు వేలితో తీసి పిల్ల గడ్డానికి, మెడ గుడ్డకు అంటించాడు.

"తిందా? తనంతట తనే తిందా?"

"చూస్తున్నావుగా," అన్నాడు, గుడ్డ వైపు చూపించి.

కూతురు మొహం వెలిగిన తీరు చూశాక నిజం చెప్పడం కష్టమైంది. మర్నాడు ఇంకా కష్టమైంది. మూడో రోజుకు పిల్ల గుంజులాడడం మానేసింది. రెండో వారానికి చెంచా వైపు చెయ్యే చాపలేదు. గిన్నె కనబడగానే చేతులు ఒళ్ళో పెట్టుకొని నోరు తెరిచేది. ఎంత మంచిపిల్ల అనుకున్నాడాయన.

పక్క కొట్టులో చెప్పులు కుట్టే ఆయన ఒకనాడు సూది అరువడగడానికి వచ్చి తెర తొలగించాడు. తాత వేలి చివర క్యారెట్, పిల్ల బుగ్గ.

"ఏం బాబాయ్, మనవరాలికి అన్నం పెడుతున్నావా, గోడకు సున్నం కొడుతున్నావా?"

"వాళ్ళమ్మకు తృప్తిగా ఉంటుందని..."

"ఓహో, దొంగ సాక్ష్యమా! తిన్నది నీ చేత్తో, పేరు దానిదా? రేపు కోర్టులో నోరు తెరిస్తే తెలుస్తుందిలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు ఆయనకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

రెండు నెలలూ గడిచాయి. డిపోలో చేర్చేటప్పుడు కూతురు ఆయాతో గర్వంగా చెప్పిందట, "మా పిల్ల దానంతట అదే తింటుంది, మీరేం శ్రమ పడనక్కరలేదు" అని.

మొదటి రోజు గిన్నె నిండుగానే తిరిగొచ్చింది. కొత్త చోటు కదా అనుకున్నారు. రెండో రోజూ అంతే. "ఆకలి లేదేమో," అంది ఆయా. మూడో రోజు కూతురు రెండు ట్రిప్పుల మధ్య దొరికిన పది నిమిషాల్లో వెళ్ళి కిటికీ అద్దంలోంచి చూసింది. పదకొండు మంది పిల్లలు తింటున్నారు, పారబోస్తున్నారు, పక్కవాడి గిన్నెలో చెయ్యి పెడుతున్నారు. పిచ్చుక మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకొని, నోరు తెరిచి కూర్చుంది. ఎవరు పక్కనుంచి నడిచినా వాళ్ళ వైపు మొహం తిప్పుతోంది. ఏడవడం లేదు.

ఆ సాయంత్రం కూతురు యూనిఫాం మార్చుకోకుండానే కొట్టుకు వచ్చింది. పనిబల్ల మీద గడియారాలను పక్కకు జరిపి పిల్లను కూర్చోబెట్టింది. ముందు గిన్నె పెట్టింది. పిల్ల తాత వైపు తిరిగి నోరు తెరిచింది.



"ఎన్ని రోజులు తిన్నది నాన్నా, తనంతట తనే?"

"మొదటి రోజు... కొంచెం..."

"మరి ఆ మెతుకులు?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నేను వాటికి ఫొటోలు తీశాను. డిపోలో అందరికీ చూపించాను." ఆమె గొంతు పెంచలేదు. "నేల కొంచెం పాడవుతుందని కదా? ఆలస్యం అవుతుందని కదా?"

"ఆకలితో ఉంటుందేమోనని తల్లీ."

"మూడు రోజులు ఆకలితోనే ఉంది." ఆమె బల్ల మీది చిన్న స్క్రూడ్రైవర్ తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఇదే బల్ల మీద, పాడైన గడియారం ఒకటి విప్పుతానని అడిగాను. గుర్తుందా? ఒక మర తిప్పాను. ఒక్క నిమిషం, ఇలా ఇవ్వు, అన్నావు. మళ్ళీ నేను అడగలేదు."

"నీకు రాదని కాదమ్మా..."

"తెలుసు. నీకు బాగా వచ్చు, అందుకు." ఆమె పిల్లను ఎత్తుకుంది. "పదకొండేళ్ళుగా బస్సు నడుపుతున్నాను నాన్నా. ఇప్పటికీ ఇన్‌స్పెక్టర్ వచ్చి పక్కన నిలబడితే స్టీరింగ్ లాగేసుకుంటాడేమోనని చేతులు బిగుస్తాయి."

ఆమె వెళ్ళిపోయాక ఆయన దీపం వేసుకొని, కంటికి భూతద్దం పెట్టుకొని కూర్చున్నాడు గానీ పని సాగలేదు. ఆ తొమ్మిదేళ్ళ పిల్ల మొహం గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాడు. గడియారం గుర్తొచ్చింది. దాని డయల్ రంగు, విరిగిన ముల్లు గుర్తొచ్చాయి. పిల్ల మొహం రాలేదు; ఆ రోజు తాను అటు చూడనే లేదని తెలిసింది. ఇన్నాళ్ళూ పెడుతున్నాననుకున్నాడు. తీసుకుంటున్నానని అనుకోలేదు.

సెలవు రోజున కూతురు పిల్లతో మళ్ళీ వచ్చింది. రాదేమోనని ఆయన ముందురోజంతా భయపడ్డాడు. ఆమె వెనక గదిలో పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, గిన్నె, చెంచా పెట్టి, "నువ్వు ఎదురుగా కూర్చో. అది నిన్నే అడుగుతుంది. ఇవ్వకు," అంది.

పిల్ల నోరు తెరిచింది. ఆయన కదల్లేదు. పిల్ల ఇంకా పెద్దగా తెరిచింది. తాతకు కనిపించడం లేదేమో అన్నట్టు ముందుకు వంగింది. తర్వాత చెంచా తీసింది. పిల్ల చెంచాను గిన్నెలో పెట్టలేదు. తన చేతులతో తాత ముందుకు చాచింది. ఇదిగో, తీసుకో, అన్నట్టు.

ఎంత బాగా నేర్పాడు!

ఆయన తీసుకోలేదు. పిల్ల చెయ్యి నొప్పెట్టేదాకా చాచి ఉంచి, చెంచా వదిలేసింది. అది నేల మీద పడి మోగింది. ఏడుపు మొదలైంది. అన్నం చల్లారింది. కూతురు చెంచా కడిగి తెచ్చి మళ్ళీ పెట్టింది. పిల్ల దాన్ని తోసేసింది. చాలాసేపటికి, ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, గిన్నెలో చెయ్యి వేసి ఊరికే పిసికింది. బొటనవేలికి ఒక మెతుకు అంటింది. దాన్ని కొత్త వస్తువును చూసినట్టు చూసింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

నోటికి జానెడు దూరం.

తాత కుడిచెయ్యి బల్ల మీది నుంచి లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకొని ఒళ్ళోకి తెచ్చుకున్నాడు. అలా పట్టుకొనే కూర్చున్నాడు. ఇంత చిన్న పని, అరవై తొమ్మిదేళ్ళకు మొదటిసారి చేస్తున్నాడు.

తలెత్తి కూతురి వైపు చూశాడు. ఆమె పిల్లను చూడడం లేదు. ఆయన చేతుల మీదే ఆమె కళ్ళున్నాయి.