వెండికి నల్ల అంచు

"గిన్నెలో నీ మొహం పడింది, మళ్లీ తియ్యి" అనేవాడు మా ఆయన వర్దోయో. ఏ వెండి గిన్నె ఫోటో తీసినా ఇదే మాట. పెళ్లయిన పదకొండేళ్లలో నా మొహాన్ని ఆయన అంతగా పట్టించుకున్నది అక్కడే. గిన్నె చెయ్యడం ఆయన వంతు. దాన్ని తోమి, మెరిపించి, ఫోటో తీసి అమ్మకానికి పెట్టడం నా వంతు. మా కోటగెడె వీధిలో మొదటిదాన్ని పనితనం అంటారు, రెండోదాన్ని చేతిసాయం అంటారు.

మొహం పడకుండా చేసే ఉపాయం కూడా నేనే కనిపెట్టాను. కోళ్లని కమ్మే వెదురు గంప లోపల, నమాజుకి నేను వేసుకునే తెల్ల ముకెనాని గుడారంలా కట్టాను. మొహం కోసం దానికి వదిలిన ఖాళీలోంచి కెమెరా చూస్తుంది. దీపాలు గంప బయట. కానీ చుట్టూ తెలుపే ఉంటే వెండి సున్నపుముద్దలా కనబడుతుంది. అందుకని అటూ ఇటూ పాత గొడుగు గుడ్డ పేలికలు వేలాడదీస్తాను, అప్పుడు గిన్నెకి నల్లగా అంచు తేలుతుంది. ఇది తెలియడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. అత్తయ్య మాత్రం "నమాజు బట్ట తీసుకెళ్లి కోళ్లగంపకి కట్టింది మా కోడలు" అని వీధంతా చెప్పుకుంది.

వెండి పనివాళ్ల సంఘం ఈ పద్ధతి నేర్పమని మా ఆయన్ని అడిగింది. "నీ పేరే చెప్తాను లస్త్రీ, నువ్వే చూపిద్దువుగాని" అన్నాడు ముందురోజు. నేను వెర్రిదాన్లా కొత్త కెబాయా రవిక ఇస్త్రీ చేసుకున్నాను.

తీరా ఇంటి వెనక కార్ఖానాలో ఇరవైమంది కూర్చున్నాక, "ఇది నా బుర్రలో పుట్టిందే" అని మొదలుపెట్టాడు. నేను అల్లం టీ పళ్లెంతో గుమ్మంలో ఉన్నాను.

"మరి మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని ఎవరో అడిగారు.

"బటన్ నొక్కుతుంది."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, నా కళ్లలోకి చూస్తూనే. అంత నమ్మకద్రోహం అంత తేలిగ్గా చెయ్యొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

తనే ఫోటో తీసి తెర మీద వేశాడు. గిన్నె సున్నపుముద్దలా ఉంది. పేలికల సంగతి ఆయన ఏనాడూ గమనించనేలేదు.

"ఇది వెండేనా వర్దోయో, ప్లాస్టిక్కా?" అన్నాడు ముందు వరుసలో ముసలాయన. మా ఆయన నావైపు తిరిగి, రమ్మని కళ్లతో సైగ చేశాడు.

అంతలో మసీదు నుంచి సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడింది. టీ పళ్లెం ఆయన చేతుల్లో పెట్టి, గంపలోంచి ముకెనా విప్పుకున్నాను.

"ఒక్క నిమిషం ఆగు లస్త్రీ, ఇది కానివ్వు" అన్నాడు గొంతు తగ్గించి.

"వేళ దాటిపోతుంది" అన్నాను. ఇంకా బోలెడు సమయం ఉందని అక్కడ అందరికీ తెలుసు. నమాజుకి వెళ్లే మనిషిని ఆపే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

నమాజు అయ్యాక చాప మీదే చాలాసేపు కూర్చున్నాను. బయట జనం లేచి వెళ్లిపోతున్న చప్పుడు. రోజూ ముందు ఆయన చేతులు చల్లగా ఉండాలని, ఆయన కళ్లు చల్లగా ఉండాలని దేవుణ్ణి అడిగేదాన్ని. ఆ రోజు ఆయన పేరు ఎత్తలేదు.