ఉచ్చుగాడు, లెవెల్ ఇరవై

బలంలో పాయింట్లు పెట్టకూడదట. ఆ సంగతి నాకు ఏడో లెవెల్లో తెలిసింది. అప్పటికే వచ్చిన ప్రతి పాయింటునీ తీసుకెళ్లి బలంలో తగలేశాను. మనిషన్నవాడికి బలం కాక ఇంకేం కావాలని నా ఉద్దేశం.

"ఎవరు చెప్పారండీ మీకు బలం పెంచమని?" అని చాట్‌లో అడిగింది ఉప్పురాయి. "ఉచ్చుగాడికి బలం దండగ. వాడు కొట్టడు, వల పన్ని కూర్చుంటాడు. ఇకనుంచి ఓర్పులో పెట్టండి."

"అలాగేనండీ" అని టైపు చేశాను. ఆ ఐదు అక్షరాలకి నాకు నిమిషం పట్టింది.

ఉప్పురాయి నా కూతురు. పదహారేళ్ల పిల్ల. ఇంట్లో గువ్వ అని పిలిచేవాళ్లం. ఆటలో నా పేరు బోల్టు. ఆ బోల్టు ఎవరో దానికి తెలియదని నా ధీమా.

మూడేళ్ల కిందట దాని కంప్యూటర్‌ని బాల్కనీలోంచి కిందకి విసిరేసింది నేనే. అప్పుడూ ఇదే ఆట ఆడుతోంది. లెక్కల్లో మార్కులు తగ్గాయని స్కూలు నుంచి కాగితం వచ్చిన రోజు. నాలుగుసార్లు పిలిచాను. "ఒక్క నిమిషం నాన్నా, ఇప్పుడు వదిలేస్తే నా వాళ్లు చచ్చిపోతారు" అంది. నీ వాళ్లెవరే, నీ వాళ్లం మేం కాదా అని ఒళ్లు మండిపోయింది నాకు. మూడో అంతస్తు మాది. కింద సిమెంటు నేల. ముక్కలు ఏరుకోడానికి చెప్పుల్లేకుండా మెట్లు దిగి పరిగెత్తింది. నేను పైనుంచి చూస్తూ "ఏరుకో, బాగా ఏరుకో" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

నెల తిరక్కముందే మా ఆవిడ దాన్ని తీసుకుని వేరే ఇల్లు చూసుకుంది. కంప్యూటర్ ఒక్కటే కారణం కాదు లెండి. నా ముక్కు మీద కోపాన్ని ఆవిడ పదిహేనేళ్లు భరించింది, అది చాలు. కానీ గువ్వ నాతో మాట మానేసింది మాత్రం ఆ రోజు నుంచే. ఫోన్ చేస్తే ఎత్తదు. వాళ్లింటికి వెళ్తే బాత్‌రూంలోకి పోయి గడియ పెట్టుకుంటుంది. నేను వెళ్లిపోయేదాకా నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

మా మరదలు ఒక్కతే నన్నింకా మనిషిలా చూస్తుంది. ఒక ఆదివారం ఫోన్ చేసి, "బావా, అది రోజూ సాయంత్రం ఆరింటికి ఆ ఆటలోనే ఉంటుంది" అంది. "పేరు ఉప్పురాయి. తలుపేసుకునే వీలు అక్కడ ఉండదు. వెళ్లి, నేనేనమ్మా, తప్పయిపోయింది అను. అంతే, ఇంకేం అనకు. నువ్వు ఇంకేమన్నా అంటే చెడగొడతావు."

"ఈ వయసులో నాకు ఆటలేంటే?"

"మరి ఈ వయసులో కూతురు వద్దా?"

ఏది విసిరేశానో అలాంటి కంప్యూటరే వెతికి మరీ కొన్నాను, పాతది. మా కార్ఖానాలో బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ వచ్చి ఆట ఎక్కించి పెట్టాడు. వాడికి నవ్వాగలేదు. "మేస్త్రీ, కత్తివీరుడివి అవుతావా, విలుకాడివి అవుతావా?" అన్నాడు. ఈ వారమే ఆటలోకి కొత్త క్లాస్, అంటే కొత్తరకం పాత్ర, ఒకటి దిగిందనీ, పేరు ఉచ్చుగాడనీ, అదైతే పాతకాపులకీ తెలియదు కాబట్టి నా అజ్ఞానం అంతగా బయటపడదనీ వాడే సలహా ఇచ్చాడు. అలా ఉచ్చుగాణ్ణయ్యాను.

పాత ఆటగాళ్లు కొత్తవాళ్లని శిష్యులుగా తీసుకుంటే వాళ్లకేదో బహుమానం ఉందట. ఉప్పురాయి కోట గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నెత్తిన నీలం రంగు టోపీ, చేతిలో తన ఎత్తు కర్ర. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. "నేనేనమ్మా" అని కొట్టాను. పంపలేదు. చెరిపేసి, "నన్ను శిష్యుడిగా తీసుకుంటారా?" అని పంపాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఒక్క రోజు దానితో నాలుగు మాటలు మాట్లాడాక చెబితే మాత్రం ఏం మునిగిపోతుంది?

ఉచ్చుగాడి పని ఇదీ. నేల మీద వల పరుస్తాడు. రాక్షసులు దాని మీదకి వచ్చేదాకా కదలకుండా కూర్చుంటాడు. వచ్చాక మీట లాగుతాడు. ఆ సమయంలో మనవాళ్లు వల మీద ఉన్నా సరే, వాళ్లూ అందులో పడాల్సిందే. స్నేహితుడని వల చూడదు. కాబట్టి మీట లాగేముందు తోటివాళ్లకి చెప్పాలి.

మొదటి రోజే బురద తోడేళ్లు మీద పడ్డాయి. ఉప్పురాయి వాటిని వల మీదకి తరుముకొచ్చింది. తను కూడా వల మీదే ఉంది. నేను ఆలోచించలేదు. చేతివేళ్లు వాటంతటవే కొట్టేశాయి: "చేతులు!"

దీని గురించి కాస్త చెప్పాలి. మా కార్ఖానాలో రేకులు వంచే పెద్ద ప్రెస్ ఉంది. దాని మీద ఇద్దరం పనిచేస్తాం, రేకుకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. మధ్యలో మిషన్ అడ్డం, ఒకరికొకరం కనపడం. పాతికేళ్ల కిందట అవతలివాడు చూసుకోకుండా పెడల్ తొక్కాడు. నా ఎడమ చేతి ఉంగరం వేలు పైకణుపు పోయింది. ఆ తర్వాత నేనొక పద్ధతి పెట్టాను. పెడల్ తొక్కేవాడు "చేతులు!" అని కేకేయాలి. అవతలివాడు "తీశా!" అనాలి. అది వినపడందే తొక్కడానికి వీల్లేదు. పక్క కార్ఖానాల్లో గంటలున్నాయి, లైట్లున్నాయి, ఈ కేక మా దగ్గర తప్ప ఎక్కడా లేదు. నాకు చేతుల మేస్త్రి అనే పేరు దాంతోనే వచ్చింది.

ఆ అలవాటు ఇంటికీ తెచ్చాను. తలుపు వేసినా, కిటికీ లాగినా, కారు డోర్ మూసినా "చేతులు!" అనేవాణ్ణి. మూడేళ్ల గువ్వ రెండు చేతులూ పైకెత్తి "తీశా!" అని అరిచేది. పన్నెండేళ్లొచ్చినా అంటూనే ఉండేది, కళ్లు తిప్పుకుంటూ.

ఆ రోజు ఆటలో ఉప్పురాయి వల మీద కదలకుండా నిలబడిపోయింది. తోడేళ్లు కొరుకుతున్నా జరగలేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. కాసేపటికి పక్కకి జరిగింది. నేను మీట లాగాను. తోడేళ్లన్నీ ఒక్క దెబ్బకి పోయాయి.

"చేతులు అంటే ఏంటండీ?" అని అడిగింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పక్కకి జరగమని. మావైపు అలాగే అంటారు."

"ఓహో" అంది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఏం తెలివో నాది.

ఆ తర్వాత ఎనిమిది వారాలు ఆరయ్యేసరికి ఇంట్లో ఉండేవాణ్ణి. కార్ఖానాలో ఓవర్‌టైం మానేశాను. గువ్వ ఎంత బాగా చెప్పేదో! వల ఎక్కడ పరవాలి, గాలి ఎటు వీస్తుందో చూడాలి, రాక్షసుడు రాలేదని చిరాకుపడి లేచిపోకూడదు. "మీరు తొందరపడి మీట లాగేస్తున్నారు. కోపం వచ్చినా కూర్చోవాలి. అదే ఉచ్చుగాడి పని" అనేది. ఇది నాకు పాఠం చెప్పడం ఏంటని ఒక్కసారి కూడా అనిపించలేదు. నా పిల్ల ఇంత ఓపిగ్గా మాట్లాడుతుందని నాకు ఇన్నాళ్లూ తెలియదే అని మాత్రం ఏడుపొచ్చేది.

ఒకరోజు కోట గోడ మీద చాలామంది పేర్లు బూడిద రంగులో కనపడితే అడిగాను. "వాళ్లు ఇప్పుడు ఆటలో లేరని" అంది. "క్యారెక్టర్‌నే చెరిపేస్తే పేరు కూడా ఉండదు. నాకోసారి అలాంటిదే అయింది. మళ్లీ మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టా. ఇది మూడేళ్ల కష్టం."

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

ఇంకోరోజు, "మీరు ఎడమవైపు తిరగడానికి ఎందుకంత ఆలస్యం చేస్తారు?" అంది. ఎడమకి తిరిగే కీ నా తెగిన వేలి కింద ఉంటుంది మరి. "కీబోర్డ్ పాతదండీ" అన్నాను. ఆ రోజు నుంచి ఎడమవైపు వచ్చేవాటిని తనే చూసుకునేది.

"చెప్పావా బావా?" అని మరదలు వారం వారం ఫోన్ చేసేది. "ఇరవయ్యో లెవెల్ రానీ" అనేవాణ్ణి. "దానికీ దీనికీ ఏం సంబంధం?" అని తిట్టేది. సంబంధం ఏముంది, నా పిరికితనం. బోల్టుతో అది నవ్వుతోంది. మేస్త్రితో నవ్వదు. బోల్టుని చంపుకోడానికి నాకు మనసొప్పలేదు.

నిన్న ఇరవయ్యో లెవెల్‌కి ఒక్క గుహ మిగిలింది. గుహ బయట నెగడు పక్కన ఇద్దరం కూర్చున్నాం. లోపలికి పోదాం అంటుందని చూస్తున్నాను. అది ఇంకేదో రాసింది.

"మా నాన్న నా కంప్యూటర్‌ని మూడో అంతస్తు నుంచి విసిరేశాడు, తెలుసా అండీ?"

తప్పయిపోయింది అనే మాట ఒక్కటే అనాల్సింది. ఆ మాట కోసమే కదా ఈ వేషమంతా వేసింది! కానీ నాలో ఉన్న ఆ పాత వెధవ ఊరుకుంటాడా? "ఏదో కోపంలో చేసి ఉంటారు. మీ మంచికే కదా" అని కొట్టి పంపేశాను.

నెగడు చిటపటలాడుతోంది.

"మీకు పిల్లలున్నారా?"

ఉందంటే వయసడుగుతుంది, ఏం చదువుతోందని అడుగుతుంది, ఎక్కడుందని అడుగుతుంది. ఒక అబద్ధానికి పది అబద్ధాలు చెప్పాలి. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. అంతే, దేవుడి మీద ఒట్టు, అంతకుమించి ఏమీ అనుకోలేదు.

"లేరు" అన్నాను.

"సరే. పదండి" అంది.

గుహలో మూడు తలల తాబేలు. వల పరిచాను. ఓపిగ్గా కూర్చున్నాను, నా జన్మలో అంత ఓపిగ్గా ఎప్పుడూ కూర్చోలేదు. ఉప్పురాయి దాన్ని వల మీదకి లాక్కొచ్చింది. "చేతులు!" అన్నాను.

"తీశా" అని వచ్చింది.

నేను మీట లాగలేదు. ఆ రెండక్షరాలకేసి చూస్తూ ఉండిపోయాను.

"మీట లాగు నాన్నా, తాబేలు పోతుంది."

లాగాను. గుహంతా కదిలిపోయింది. తాబేలు చచ్చింది. తెర మీద బంగారు అక్షరాలు మెరిశాయి: లెవెల్ ఇరవై. వాటి కింద గువ్వ మాటలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి.

"మొదటి రోజే తెలుసు. చేతులు అని ఇంకెవరంటారు?"

"నువ్వే చెప్తావని చూశా. అంటే ఏంటని అడిగితే అబద్ధం చెప్పావు. ఎడమకి తిరగడం ఆలస్యమేంటంటే కీబోర్డ్ పాతదన్నావు, వేలి సంగతి దాచావు."

"అయినా పర్లేదనుకున్నా. రోజూ వస్తున్నావు కదా అనుకున్నా. అమ్మకి కూడా చెప్పా, నాన్న మారాడని."

"పిల్లలు లేరన్నావు నాన్నా."

"అలా కాదమ్మా, విను" అని నేను కొట్టేలోగా దాని పేరు బూడిద రంగుకి తిరిగింది. ఒక్క అక్షరమూ సరిగ్గా పడటం లేదు. 'నా మాట విను' అని రాశాను. చెరిపేశాను. 'నిన్ను బాధపెట్టాలని కాదు' అని రాశాను. అదీ చెరిపేశాను. మధ్యలో ఆట ఏదో అడిగింది: ఇరవయ్యో లెవెల్ దాటారు కాబట్టి మీ పాయింట్లు ఒక్కసారి మార్చుకోవచ్చు, మార్చుకుంటారా? దాన్ని పక్కకి నెట్టేశాను. గంటసేపు కూర్చుని, అడ్డమైన మాటలన్నీ తీసేసి, మరదలు చెప్పమన్నది మిగిల్చాను.

"తప్పయిపోయిందమ్మా. నాకు ఒక్కతే కూతురు."

పంపాను. ఆట వెంటనే బదులిచ్చింది.

"ఉప్పురాయి అనే పేరుతో ఎవరూ లేరు."