డేరిల్ పేరున్న పోస్టాఫీసు

నెబ్రాస్కాలో మా కాల్డర్ ఊరి పోస్టాఫీసు మూసేస్తారని నోటీసు అంటించిన ఉదయమే, ఇర్మా తలుపైనా తట్టకుండా వెండెల్ క్రూగర్ గారి వంటింట్లోకి వచ్చేసింది. నేనక్కడే కాఫీ పోస్తున్నాను. ఆయన అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సభ్యుడిగా ఉన్నంతకాలం ఊళ్ళో ఆయన ఆఫీసు నడిపింది నేనే. ఆయన ఓడిపోయాక కూడా ఇంటికెళ్ళి ఆయన మీద నాలుగు కేకలేసి రావడం మానలేకపోయాను.

ఆ పోస్టాఫీసుకు ఇర్మా కొడుకు డేరిల్ పేరు పెట్టారు. సైన్యంలో చేరి ఇరాక్ యుద్ధంలో చనిపోయాడు, పాపం, పెళ్ళైనా కాలేదు. ఆ పేరు పెట్టించిన బిల్లు వెండెల్ గారిదే. ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలంటూ ఆయన పెట్టిన మిగతా బిల్లులేవీ గట్టెక్కలేదు. అంత రాజకీయ జీవితంలో చట్టమైంది ఇదొక్కటే.

"ఒక్క ఫోన్ చెయ్యి వెండెల్," అంది ఇర్మా. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బడి. "నువ్వెవరో వాళ్ళకి తెలీదా ఏంటి?"

వెండెల్ గారు తనని సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే ఓడించి సీటు తన్నుకుపోయిన కుర్రాడి ఆఫీసుకు ఫోన్ చేశారు. వరద సాయానికి వెండెల్ అవతలి పార్టీతో కలిసి ఓటేశాడు, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలనే ఈయనేం కన్జర్వేటివ్ అని ఊరూరా ఎద్దేవా చేసి గెలిచాడు వాడు.

"అమ్మా, నేను వెండెల్ క్రూగర్‌ని. మీ సార్ కంటే ముందు ఆ సీట్లో ఉన్నది నేనే."

"చాలా సంతోషం సార్. మీ జిప్ కోడ్ చెప్తారా?"

ఏ మామూలు ఓటరునైనా అడిగే ఊరి తపాలా నంబరది. అదీ, పోస్టాఫీసు సంగతీ చెప్పారు. మీ అభిప్రాయం రాసుకున్నామని పెట్టేసింది ఆ పిల్ల. నాకు ఒళ్ళు మండింది. నిజానికి మా ఆఫీసులోనూ అదే మాట చెప్పేవాళ్ళం.

"ఇంకెవరూ లేరా?" అంది ఇర్మా.

"ఉన్నారు. వాళ్ళూ ఇదే చెప్తారు." ఆయన కప్పు పక్కకు జరిపారు. "నష్టాల్లో ఉన్న చిన్న పోస్టాఫీసులు మూసేయొచ్చన్న బిల్లుకి నేనూ ఓటేశాను, ఇర్మా. అది మన ఊరిదాకా వస్తుందనుకోలేదు."

"తెలుసు. పేపర్లో చదివాను. ఆ తర్వాత కూడా నీకే ఓటేశాను."

తిట్టినా బాగుండేది.

"సమాధి దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్తాను వెండెల్," అంది ఆమె. "పోస్టాఫీసులోనైతే ఉత్తరాల కోసం వచ్చినవాళ్ళందరూ వాడి పేరు చూసేవాళ్ళు."

మూసేసే రోజు ముగ్గురం వెళ్ళాం. ఒక పనివాడు నిచ్చెనేసుకుని లోపలి గోడమీది, డేరిల్ పేరున్న ఇత్తడి పలక విప్పుతున్నాడు.

"అది ఈ తల్లికి ఇచ్చెయ్యి బాబూ," అన్నారు వెండెల్ గారు.

"నా చేతుల్లో లేదు సార్. ప్రభుత్వ సొత్తు, గోడౌనుకి పంపాలి. ఇంతకీ మీరెవరు?"

"ఎవర్నీ కాదులే."

"అయితే కాస్త పట్టుకోండి, దిగుతాను."

ఆయన రెండు చేతులా పట్టుకున్నారు. ఇర్మా కోటు అంచుతో కొడుకు పేరు మీది దుమ్ము తుడిచింది. పనివాడు దిగి చేతులు చాచాడు.

వెండెల్ గారు ఇర్మా వైపు చూశారు, నా వైపు చూశారు. ఇవ్వకండి, కార్లో పెట్టుకుని పోదాం పదండి అని అరవాలనిపించింది. జీవితమంతా చట్టం చట్టమే అంటూ బతికిన మనిషి ఆయన.

ఇచ్చేశారు.