మూడు రోజుల ఊట

గట్టు మీది కాపలా గదిలో ఒక పుస్తకం ఉంటుంది. గనిలో రాయి కడిగిన బురదంతా ఆ గట్టు వెనకే నిలవుంటుంది కనుక, రోజూ పొద్దున్నే గట్టు కింద తడి చూసొచ్చి అందులో ఒక్క మాట రాయాలి. చెమ్మ అంటే చెయ్యి తడవడమే, భయం లేదు. ఊట అంటే తేటనీరు కారుతోందని. పారే బురద అంటే మాత్రం లోపల గట్టే కరిగిపోతోందని. ఆ మాట రాసిన మరుక్షణం సైరన్ నొక్కాల్సిందే.

కాపలా ఆవిడ నిరుడు ఒకసారి ఆ మాట రాసింది. తీరా చూస్తే వానకి పైమట్టి కొట్టుకొచ్చి నీళ్ళు రంగు మారాయి, అంతే! ఈలోగా కింద కాలనీ అంతా పిల్లాజెల్లాతో పైకి పరిగెత్తింది. ఆ తొక్కిసలాటలో, కాలనీలోనే ఉండే ఆవిడ కూతురే పడి కాలు విరగ్గొట్టుకుంది. అది సరిగ్గా అతుక్కోనే లేదు. అప్పట్నుంచీ ఊరందరికీ ఆవిడ బురద పిన్ని. లోకం నోరు మూయించడం ఎవరి తరం? కూతురు మాత్రం నవ్వలేదు, తల్లితో మాట్లాడ్డమే మానేసింది. ఆవిడకి కడుపుకోత అంటే అదే.

సోమవారం ఊట మసగ్గా కనిపించింది. "మసక నీ కళ్ళకి పిన్నీ, నీళ్ళకి కాదు" అన్నాడు సూపర్‌వైజరు. కాబోలనుకుని ఊట అని రాసింది. మంగళవారం సీసాలో పట్టి ఉంచితే అడుగున వేలెడు మట్టి దిగింది. వానా లేదు, చినుకూ లేదు. అయినా ఊట అనే రాసింది. బుధవారమూ అదే మట్టి, అదే రాత. "ఛీ, నాకెందుకింత భయం?" అని తనని తనే తిట్టుకుంది. ఎందుకో తెలుసు. మళ్ళీ ఉత్తదే అయితే కూతురు ఈ జన్మకి క్షమించదు.

గురువారం గట్టు కింద నీళ్ళే లేవు. బూడిదరంగు ముద్ద, చిక్కటి జావలా, రాళ్ళని దొర్లించుకుంటూ నడుస్తోంది. ఆవిడ పుస్తకం జోలికే పోకుండా సైరన్ నొక్కింది.

ఏడాదిగా మోగని ఫోను మోగింది. కూతురే.

"ఈసారైనా నిజమేనా అమ్మా?"

"నిజమే తల్లీ, బయల్దేరు. మూడు రోజుల నుంచీ నిజమే."



"మూడు రోజులా? మూడు రోజులిస్తే ఈ కుంటికాలితో పాక్కుంటూ అయినా పైకొచ్చేదాన్ని కదమ్మా!"

జనం గుంపులుగా పైకి ఎక్కుతున్నారు. బురద పిన్ని చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరిగెత్తింది.